ఐదో వరస, మూడో చెట్టు

నేను కంప్యూటరు నేర్చుకున్నది జ్ఞానం కోసం కాదు, కుళ్ళుతో. ఇన్నేళ్ళూ అడిగిన వాళ్ళందరికీ "ఏదో ఆసక్తి అండీ" అని చెబుతూ వచ్చాను. కాలేజీలో రిటైరైన రోజున నా తపన గురించి ఒకాయన పావుగంట మాట్లాడారు. తపన ఉన్న మాట నిజమే. మా తోటికోడలికి వచ్చిన విద్య నాకు రాకపోవడమేంటి అన్నదే ఆ తపన. దండ వేయించుకుని కూర్చున్నదాన్ని కదా, ఆ సంగతి ఆయనకి చెప్పలేదు.

పోయిన నెలలో ఆమె దగ్గర్నుంచి ఒక అట్టపెట్టె వచ్చింది. వాళ్ళ డ్రైవరు తెచ్చి వరండాలో పెట్టి వెళ్ళాడు. వెనకే ఫోను.

"ఇంటికి రంగులు వేయిస్తున్నాం అక్కా. బీరువా మీద ఇవి దొరికాయి. నువ్వు కంప్యూటరు మనిషివి కదా, పనికొస్తాయేమో చూడు. లేకపోతే పారేసెయ్."

పెట్టెలో ఐదు పాత ఫ్లాపీలు ఉన్నాయి. అరచెయ్యి కంటే వెడల్పు, వంచితే వంగే నల్లటి అట్టముక్కలు. ఒకదాని మీద ఇంగ్లీషు అక్షరాల్లో "తోట" అని ఆమె చేతిరాత, ముత్యాల్లాంటి గుండ్రటి అక్షరాలు. "కంప్యూటరు మనిషివి" అన్న మాట ఆమె నోట వినడానికి నేను ముప్పై ఏళ్ళు కష్టపడ్డాను. విన్నాను కాబట్టి సంతోషించాలి. కానీ ఆ చేతిరాత చూడగానే కడుపులో పాత మంట మళ్ళీ రాజుకుంది. అరవై దాటిన మనిషిని, బీపీ మాత్రలు వేసుకుంటాను, అయినా సరే.

ఎనభైల మాట ఇది. మా పుట్టిల్లు జి. కొండూరు. నూజివీడు పక్కనున్న ఊరికి కోడలిగా వచ్చేటప్పటికి అత్తగారు లేరు. మా ఆయన బాపులపాడు వైపున్న వరి పొలం చూసుకునేవారు, పొద్దున వెళితే సాయంత్రానికి వచ్చేవారు. మామిడి తోట మామగారిది. పన్నెండు వరసలు, వరసకి పద్నాలుగు చెట్లు. ఆయన ఎప్పుడూ కాగితం మీద ఒక్క ముక్క రాసుకోలేదు. ప్రతి చెట్టునీ వరస పేరుతో, నంబరుతో పిలిచేవారు. ఆ లెక్క ఈశాన్యం మూల నుంచి మొదలవుతుంది. నాటడం ఆ మూల నుంచే మొదలుపెట్టారు కాబట్టి లెక్కా అక్కడి నుంచే. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. మా పుట్టింట్లోనూ అంతే, చుట్టుపక్కల ఏ తోటలోనైనా అంతే. వేరే విధంగా లెక్కపెట్టొచ్చని మాకు తోచేది కూడా కాదు.

"అమ్మాయ్, తొమ్మిదో వరస ఆరో చెట్టు కిందటేడు కాసిందా?" అని అరుగు మీద నుంచి అడిగేవారు మామగారు.

"పూత నిండుగా వచ్చింది, మంచుకి మాడిపోయింది మామయ్యగారూ. అరవై కాయలు కూడా రాలేదు," అనేదాన్ని పిండి కలుపుతూనే. ఆయన తల ఊపేవారు. ఎనిమిదేళ్ళు అలా గడిచాయి. ఆ ఇంట్లో ఎవరికేం కావాలన్నా నన్ను అడగాల్సిందే. అది నాకు ఎంత బాగుండేదో అప్పుడు తెలియలేదు.

ఎనిమిదో ఏడు మా మరిదికి పెళ్ళయింది. ఆమె విజయవాడ పిల్ల. డిగ్రీ చదివింది, పైన ఆరు నెలల కంప్యూటరు కోర్సు. సన్నగా, మెత్తగా ఉండేది, ఎవరినీ పల్లెత్తు మాట అనేది కాదు. అది మరీ కష్టంగా ఉండేది నాకు. గయ్యాళి అయితే హాయిగా పోట్లాడుకునేవాళ్ళం. ఆమె వచ్చేదాకా నేను ఒట్టి "అమ్మాయి"ని. ఆమె వచ్చిన మర్నాటి నుంచి "పెద్దమ్మాయి"ని అయ్యాను. ఇంకో అమ్మాయి ఉందని ప్రతి పిలుపులోనూ గుర్తుచేస్తున్నట్టు ఉండేది.

మరిది మామిడికాయలు పై ఊళ్ళకి ఎగుమతి చేసే వ్యాపారం పెట్టాడు. దానికోసం కంప్యూటరు కొన్నాడు. ఆఫీసులో దుమ్మని ఇంట్లో ముందు గదిలో పెట్టించాడు. పచ్చటి అక్షరాల తెర, ఫ్లాపీలు పెట్టే రెండు నోళ్ళు. ఊరంతా వచ్చి గుమ్మం బయట చెప్పులు విడిచి చూసి వెళ్ళేవారు. వచ్చిన వాళ్ళందరికీ కాఫీలు నేనిచ్చేదాన్ని, మిషను గురించి ఆమె చెప్పేది.

దానికి దుమ్ము పడకుండా గుడ్డ కవరు కావాలన్నారు.

"అక్క చాలా బాగా కుడుతుందండీ. అక్కే కుట్టాలి," అంది ఆమె అందరి ముందూ. మెచ్చుకోలే అది. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఆమెకేమో మిషను, నాకేమో దాని జాకెట్టు. టేపు పెట్టి కొలతలు తీసుకున్నాను. కావాలనే రెండు పక్కలా బిగించి కుట్టాను, రోజూ తీయడానికి, వేయడానికి ఆమె అవస్థ పడాలని. తొడిగి చూసి, "ఎంత సరిగ్గా పట్టిందో చూడండి," అని మురిసిపోయింది. అలాంటి మనిషితో ఎలా వేగడం?

ఆ మిషనుకి ఇంకో గుణం ఉండేది. పొద్దున వెలిగించగానే ముందు తారీఖు అడిగేది. రాత్రికి ఆపేస్తే ఏ రోజో మర్చిపోయేది. ఆమె కుర్చీలో కూర్చుని, "అక్కా, ఇవాళ తారీఖెంత?" అని కేకేసేది. నేను వంటింట్లో క్యాలెండరు చూసి చెప్పేదాన్ని. ఆ మొత్తం కంప్యూటరు వ్యవహారంలో నా వాటా అంతవరకే.

ఆ వేసవిలో మామగారు బోరు దగ్గర పాకుడు మీద జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఇక మంచం దిగే పని లేదన్నారు డాక్టరు. అంతకు ముందే చూపు కూడా మందగించింది. తోట ఆయన తలలో ఉంది, ఆయన మంచంలో ఉన్నారు. తనతో పాటే అంతా పోతుందేమోనని బెంగ పట్టుకుంది.

"దానికేం నాన్నా, మొత్తం కంప్యూటర్లో ఎక్కించేద్దాం," అన్నాడు మరిది.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. నా తలలో కూడా ఆ తోట ఉందని ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఆమె కోర్సు చేసిన చోటే ఎవరో చిన్న ప్రోగ్రాం రాసిచ్చారు. వరస, నంబరు, రకం, నాటిన ఏడు, చివర నాలుగు మాటలు రాసుకోవడానికి కాస్త చోటు. రోజూ మధ్యాహ్నం ఆమె నోటుబుక్కు పట్టుకుని మంచం పక్కన కూర్చునేది. ఆయన చెప్పేవారు, మధ్యలో తడుముకునేవారు. నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నుంచే, "అది పెద్ద రసం మామయ్యగారూ, వానపామంత బీట ఉంటుంది మాను మొదట్లో," అని అందించేదాన్ని. "ఆఁ, అదే. చిన్నమ్మాయ్, రాసుకో," అనేవారు ఆయన. అంటే నేను చెప్పింది ఆయన నోట్లోకి, అక్కణ్ణుంచి ఆమె పుస్తకంలోకి, అక్కణ్ణుంచి మిషనులోకి వెళ్ళేది. అంతటితో అది నాది కాకుండా పోయేది.

నెల తిరిగేసరికి ఆయన, "చిన్నమ్మాయ్, తొమ్మిదో వరస ఆరో చెట్టు?" అని అడగడం మొదలుపెట్టారు. ఆమె టకటకా నాలుగు మీటలు నొక్కి, మిషను గరగరలాడి, తెర మీద అక్షరాలు పడ్డాక చదివి వినిపించేది. నేనైతే ఆపాటికి రెండు చెట్ల సంగతి చెప్పేదాన్ని. కానీ ఆయన పకపకా నవ్వేవారు. నేను చెబితే ఎనిమిదేళ్ళూ తల ఊపారు, మిషను చెబితే నవ్వారు. ఆ నవ్వు విన్నప్పుడల్లా వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగా పెట్టేదాన్ని.

ఆ తర్వాత ఆమె తోట పటం గీసింది. తెర మీద చుక్కలు చుక్కలుగా పెట్టి, అంచుల్లో చిల్లులున్న పొడుగాటి కాగితం మీద అచ్చు తీసి, ముందు గదిలో గోడకి అంటించింది. నేను ఒక్కసారి చూశాను, అంతే. అర్థమైపోయింది.

కింద గేటు గీసింది. గేటు పక్కనే మొదటి వరస, మొదటి చెట్టు. మా తోట గేటు నైరుతి మూల ఉంటుంది. బస్తీ పిల్ల కదా, మనిషి ఎక్కడి నుంచి లోపలికి వస్తాడో అక్కడి నుంచే లెక్క అనుకుంది. ఆయన చెప్పిన నంబర్లన్నీ సరిగ్గా రాసుకుంది, తోటని మాత్రం తలకిందులుగా పరిచింది. మామగారికి ఆ పటం చేతికిస్తే వేళ్ళతో తడిమి "భేష్" అన్నారు. ఆయనకి చుక్కలు కనబడవు. మరిదికి తోట తెలియదు. మా ఆయన దాని వంక చూడలేదు.

నాకు నవ్వొచ్చింది. నెల రోజుల్లో మొదటిసారి మనసారా నవ్వుకున్నాను. అప్పుడే చెప్పొచ్చు. "ఏమ్మా, తిరగేసి గీశావు" అంటే అరగంటలో దిద్దేసేది, పైగా "థాంక్స్ అక్కా" అనేది. అందుకే చెప్పలేదు. నలుగురిలో బయటపడనీ అనుకున్నాను. ఆరోజు మిషను వెలవెలబోతుంది, ఆయన "పెద్దమ్మాయ్!" అని కేకేస్తారు, నేను చెయ్యి తుడుచుకుంటూ వస్తాను. ఆ దృశ్యం ఎన్నిసార్లు ఊహించుకున్నానో చెబితే సిగ్గుచేటు.

ఐదో వరస మూడో చెట్టు గురించి చెప్పాలి. అక్కడ నాటిన అంటు చచ్చిపోతే, ఎవరో తిని పారేసిన టెంక మొలిచి చెట్టయింది. ఎవరూ పెంచింది కాదు. కాయ చిన్నది, తోలు పల్చన, పీచు మచ్చుకైనా ఉండదు. తొడిమ దగ్గర పచ్చకర్పూరం వాసన. అలాంటి పండు చిన్న రసాల్లో లేదు, పెద్ద రసాల్లో లేదు, నేను ఇంకెక్కడా తినలేదు. దాని కాయలు మామగారు ఎప్పుడూ బజారుకి పంపలేదు. నేను కడుపుతో ఉన్నప్పుడు రెండు వేసవులూ ఆ చెట్టు పళ్ళే అన్నంలో కలుపుకుని తిన్నాను. ఆ చెట్టుకి మాను మొదట్లో తొర్ర పడింది. పురుగు తొలిచేసింది. రెండు కొమ్మలు ఎండిపోయాయి కూడా. ఆ ఆషాఢంలోనే అంట్లు కట్టకపోతే ఇక ఆ రకమే ఉండదని ఆయనకి తెలుసు, మాకందరికీ తెలుసు.

మా దగ్గర అంటు కట్టే పద్ధతి ఇది. చెట్టు పక్కన వెదురు మంచె వేస్తారు. దాని మీద చిన్న కుండీల్లో టెంక మొక్కలు పెడతారు. మొక్క కాండం ఒక పక్క, చెట్టు రెమ్మ ఒక పక్క చెక్కి, రెండూ కలిపి కడతారు. మూడు నెలలకి అతుక్కున్నాక చెట్టు వైపు కోసేస్తారు. మా పాత మేస్త్రీ అంతకు ముందే పోయాడు. రెడ్డిగూడెం నుంచి కొత్త మేస్త్రీ నలుగురు మనుషులతో వచ్చాడు.

"ఐదో వరస, మూడో చెట్టు," అన్నారు మామగారు మంచంలో నుంచి. "వంద కట్టు. ఒక్కటి తగ్గడానికి వీల్లేదు."

ఆమె పటం మీద ఎర్ర సిరాతో సున్నా చుట్టి మేస్త్రీ చేతికిచ్చింది.

పదకొండు గంటలకి నేను తోటలోకి కాఫీ తీసుకెళ్ళాను. వాళ్ళు గేటు వైపు నుంచి లెక్కపెట్టుకుని ఒక పెద్ద రసం చెట్టు కింద మంచె వేస్తున్నారు. మా లెక్కలో అది ఎనిమిదో వరస పన్నెండోది. తొర్ర చెట్టు ఆ చివర, ఆకుల చాటున ఉంది.

మేస్త్రీ గ్లాసు అందుకుని, చెట్టు వంక చూస్తూ అన్నాడు. "అమ్మా, చిన్న అనుమానం అండీ. పెద్దాయనగారు తొర్ర ఉందన్నారండి. దీనికేమో తొర్ర లేదు. ఇదేనంటారా?"

ఒక్క మాట. చెయ్యెత్తి అటు చూపిస్తే చాలు. నా నోట్లో ఆ మాట వచ్చి ఆగింది. ఈ మేస్త్రీకి చెబితే ఎవరికి తెలుస్తుంది? ముందు గదిలో ఎవరూ చూడరు. ఆయన నన్ను పిలవరు.

"కాగితంలో ఎలా ఉంటే అలా చెయ్యండి," అన్నాను. "మాకేం తెలుసు, అంతా కంప్యూటరు చెబుతోంది కదా."

"అలాగేనండీ," అన్నాడు అతను. నేను ఖాళీ గ్లాసులు తీసుకుని ఇంటికొచ్చాను.

మూడు నెలలు. రోజూ మామగారు, "అంట్లు పట్టాయా?" అని అడిగేవారు. "పట్టాయి మామయ్యగారూ," అనేదాన్ని. అబద్ధం కాదు, పట్టాయి. రేపు చెబుదాం అనుకునేదాన్ని. రేపటికి, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతారని భయం. వారం గడిచేకొద్దీ చెప్పడం కష్టమవుతూ వచ్చింది. భయం ఒకపక్క ఉన్నా, ఇంకోపక్క మొండితనం. నన్ను అడగొచ్చు కదా, ఒక్కరైనా అడగలేదే అని. పైకి చెప్పుకోలేని కోపం కాబట్టి దాన్ని చక్కగా పెంచి పోషించాను.

అంట్లు కోసిన పదిహేను రోజులకి, కార్తీకంలో తుఫాను వచ్చింది. తెల్లారి చూస్తే తొర్ర చెట్టు పక్కకి ఒరిగి వేళ్ళతో సహా లేచిపోయి ఉంది. మరిది వచ్చి చెప్పాడు. మామగారు కాసేపు కళ్ళు మూసుకున్నారు.

"పోనీలే," అన్నారు. "వంద మొక్కలున్నాయి. అంతా చిన్నమ్మాయి పుణ్యం."

నేను పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. చెట్టు కోసమే ఏడ్చాను అని చెప్పుకోవాలని ఉంది. సగం చెట్టు కోసం. మిగతా సగం ఆ ఆఖరి మాట కోసం. ఆ స్థితిలో కూడా నాకు ఆ మాటే గుచ్చుకుంది.

ఆమె ఆ మధ్యాహ్నం గొడుగు వేసుకుని తోటకి వెళ్ళింది. మోకాళ్ళ దాకా బురదతో, ఎర్రబడ్డ కళ్ళతో తిరిగొచ్చింది. ఆ చెట్టు పండు ఒక్క వేసవి తిన్న మనిషి, ఏం నటిస్తోందిలే అనుకున్నాను.

మరుసటి ఏడు మామగారు పోయారు. వంద మొక్కలూ ఆ చెట్టువే అనుకుంటూ నిశ్చింతగా పోయారు. తర్వాత అవి కాపుకొస్తే మామూలు పెద్ద రసాలు కాశాయి. "టెంక చెట్టు కదా, గుణం నిలవలేదు," అని అందరూ సరిపెట్టుకున్నారు. తోట పంచుకున్నాం. గేటు వైపు సగం వాళ్ళది, ఈశాన్యం వైపు సగం మాది. ఆ ఏడే నూజివీడులో కంప్యూటరు కోర్సుకి చేరాను. నా పక్కన కూర్చున్న పిల్లలు నన్ను "ఆంటీ" అనేవారు. అననీలే అనుకుని నేర్చుకున్నాను. అది చివరికి కాలేజీలో ల్యాబు ఉద్యోగం దాకా వచ్చింది. అక్కడే కంప్యూటరుని నడిపించే ఇంకో పద్ధతి, లినక్స్, పరిచయమైంది. ఆమె అప్పటికి కంప్యూటరు మానేసి వ్యాపారం చూసుకునేది. ఆమెకి లినక్స్ రాదు. ఆ ఆలోచన నన్ను చాలాకాలం సంతోషపెట్టింది.

ఇంకో సంగతి. పంపకాలైన కొన్నేళ్ళకి, ప్రతి వేసవీ ఆమె దగ్గర్నుంచి ఒక బుట్ట రావడం మొదలైంది. గడ్డి కప్పి, పైన గుడ్డ కుట్టి. "మా వైపు చెట్టువి అక్కా, నువ్వు తిను," అని ఫోను. మా వైపు, మా వైపు. తన వాటా ఎంత బాగా కాస్తుందో చూపించుకుంటోంది అనుకునేదాన్ని. పైన గుడ్డ కూడా విప్పకుండా పనిమనిషికి ఇచ్చేసేదాన్ని. పాతికేళ్ళకి పైగా అలాగే ఇచ్చాను. రెండేళ్ళ నుంచి బుట్ట రావడం లేదు. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత, ఎందుకు మానేసిందని దానికీ కోపమొచ్చింది.

సరే, ఫ్లాపీల సంగతి. కాలేజీ ల్యాబులో మూలన పడి ఉన్న ఒక ముసలి మిషనుకి ఆ సైజు ఫ్లాపీ నోరు ఇంకా పనిచేస్తోంది. నాలుగు ఫ్లాపీలు బూజు పట్టి పోయాయి. "తోట" ఒక్కటి మాత్రం చివరిదాకా చదివింది. దాన్ని ఉన్నదున్నట్టు ఒక ఫైలుగా తీసి ఇంటికి తెచ్చుకున్నాను. కానీ ఆ ప్రోగ్రాం ఆ కాలపు మిషన్లని నడిపిన పాత డాస్ మీద తప్ప నడవదు, దాని ఫైళ్ళని ఇంకేదీ తెరవలేదు. అందుకని నా ల్యాప్‌టాప్‌లో లినక్స్ మీద ఒక వర్చువల్ మెషీన్ కట్టాను. అంటే కంప్యూటరు లోపల ఒక ఉత్తుత్తి కంప్యూటరు. కొత్త మొక్క మీద పాత రెమ్మ కట్టినట్టే అనుకోండి. దానికి ఫోనులో ఒక ఫొటోకి సరిపోయేంత మెమొరీ ఇచ్చాను. అదే దానికి ఎక్కువ. పాత డాస్ ఎక్కించి, పొద్దున కాఫీ తాగి వెలిగించాను.

నల్ల తెర మీద మొదట అడిగింది తారీఖు.

వంటింటి వైపు చూశాను, అలవాటుగా. ఎవరూ "అక్కా" అని కేకెయ్యలేదు. నేనే కొట్టాను.

ఐదు నిమిషాలకి ల్యాప్‌టాప్ ఫ్యాను బొయ్యిమని తిరగడం మొదలైంది. పనేమీ జరగడం లేదు, తెర మీద చిన్న గీత మిణుకుమిణుకుమంటోంది, అంతే. పాత డాస్ తీరే అంత. దానికి ఊరికే కూర్చోవడం రాదు. మీట నొక్కారా, నన్ను పిలిచారా, పిలిచారా అని క్షణం ఆగకుండా చూసుకుంటూనే ఉంటుంది. ఏ పనీ లేకపోయినా పైనున్న మిషను మొత్తాన్ని వేడెక్కిస్తుంది. దాని ప్రాణం శాంతించడానికి చిన్న ఉపాయం ఉంది, నాకు తెలుసు. ఆరోజు చెయ్యలేదు. ఆ పిచ్చిది నాకు బాగా తెలిసిన మనిషిలా అనిపించి, అలాగే మండనిచ్చాను.

ప్రోగ్రాం తెరుచుకుంది. నూట అరవై ఎనిమిది చెట్లు. చివరి గడిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు. ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళాను. మొదటి వరస రెండో చెట్టు దగ్గర, "మొదట్లో బీట ఉంటుంది. అక్క చెప్పింది." మూడో వరసలో, "చీడ త్వరగా పడుతుంది. అక్క చెప్పింది." తొమ్మిదో వరస ఆరోది, "పూత మంచుకి మాడింది, అరవై కాయలు. అక్క చెప్పింది." గుమ్మంలో నుంచి నేను అన్న ప్రతి మాటకీ పక్కనే నా పేరున ఆ రెండు మాటలు. ఎవరూ అడగకపోయినా రాసుకుంది. ఆ మిషనులో ముప్పై అయిదేళ్ళుగా నేను ఉన్నాను.

ఐదో వరస, మూడో చెట్టు దగ్గర ఆ గడి నిండిపోయి ఉంది.

"పటం తిరగేసి గీశాను. ఇవాళ పడిన చెట్టే ఇది. తప్పు నాది. అక్కకి ఈ చెట్టంటే ప్రాణం, తెలిస్తే తట్టుకోలేదు. మామయ్యకీ చెప్పను. పడిన కొమ్మల నుంచి ఇరవై పుల్లలు కోయించి మేస్త్రీతో అంటు కట్టించాను."

కింద, మరోరోజు రాసినట్టుంది. "ఒకటి బతికింది. రెండో వరస నాలుగులో పెట్టాం. కాస్తే మొదటి బుట్ట అక్కకి."

ముందు ఏడుపు రాలేదు. ఏం వచ్చిందో చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. కుళ్ళే వచ్చింది. ఇందులో కూడా నాకంటే పైమెట్టు మీదే ఉంది కదా అని. ఏడుపు తర్వాత వచ్చింది, బుట్టలు గుర్తొచ్చాక. మా పనిమనిషి ఏటా ఆ పళ్ళు తిని, "ఎక్కడివమ్మా, కర్పూరం వాసనేస్తాయి," అనేది. నేను వినిపించుకునేదాన్ని కాదు.

ఫోను చేశాను.

"ఈ ఏడు కూడా బుట్ట పంపలేదేం?" అన్నాను. అంతకంటే మంచిగా మొదలుపెట్టడం చేతకాలేదు.

ఆమె నవ్వింది. "నువ్వు తినవు కదక్కా. మీ పనిమనిషి మా ఇంటికి పెళ్ళి పనులకొచ్చినప్పుడు చెప్పింది, అన్నీ తనకే ఇచ్చేస్తావని. నీకు పడట్లేదేమోలే అని మానేశాను."

"ఆ చెట్టు ఎక్కడుంది?"

"రెండో వరస నాలుగోది అక్కా."

"ఏ వైపు నుంచి?"

"గేటు వైపు నుంచి," అంది నెమ్మదిగా. "ఫ్లాపీ తెరిచావా అక్కా? అందులో ఏం రాశానో మర్చేపోయాను. చూశావన్నమాట. నీకు తెలియకూడదనే ఇన్నాళ్ళూ..."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఆమె దృష్టిలో నేను ఎప్పటిలాగే పాపం అక్కనే. ఫ్యాను గోల చెవిలో మోగుతోంది.

"నాకు మొదటి రోజే తెలుసు," అన్నాను. "పటం గోడకి అంటించిన రోజే. మేస్త్రీ కూడా అడిగాడు, ఇదేనా చెట్టు అని. కాగితంలో ఉన్నట్టు చెయ్యమన్నాను."

వాళ్ళింట్లో రంగులు వేసేవాళ్ళు నిచ్చెన జరుపుతున్న చప్పుడు వినబడింది. ఎవరో ఆమెని ఏదో అడిగారు, ఆమె జవాబు చెప్పలేదు. నేను ఫోను చెవికి ఆనించుకుని ఉన్నాను. ఎనిమిదేళ్ళు ఆ అరుగు మీద నుంచి వచ్చిన పిలుపు కోసం ఎదురుచూసినట్టే ఎదురుచూశాను.

"చెట్టు బాగానే ఉంది," అంది చివరికి. "ఈ ఏటికి కాయలైపోయాయి. వచ్చే ఏడు చూద్దాం."

పెళ్ళయి వచ్చిన రోజు నుంచీ ఎక్కడో ఒకచోట "అక్కా" అనకుండా ఆమె నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. ఇంకా ఏమైనా అంటుందేమోనని, ఫోను పెట్టేసిన చప్పుడు విన్నాక కూడా కాసేపు చెవి దగ్గరే ఉంచుకున్నాను.